నేను చూడని మనిషి

పురానాపూల్, హైదరాబాదు
14 మార్చి 1937

చిరంజీవి రామలింగయ్యకు, బావ వైకుంఠం ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. పంపిన కందిపొడి, నిమ్మకాయ తొక్కు అందాయో లేదో రాయమని మీ అక్క విమల రోజూ నన్ను సతాయిస్తోంది. తమ్ముడు మైసూరులో మనశ్శాస్త్రం ఎమ్మే చదువుతున్నాడనీ, ప్రొఫెసరు గారి పక్కనే నిలబడి అబద్ధాలాడే మనుషుల్ని పరీక్షిస్తున్నాడనీ గల్లీ అంతా చెప్పుకుంటోంది కూడా. అందుకే ఈ సంగతి అందరికంటే ముందు నీకు రాస్తున్నాను. నీ పరీక్షకు పనికొచ్చే జంతువు మీ ఇంట్లోనే ఉంది. మీ అక్కను కట్టుకున్నది.

మంగళవారం మధ్యాహ్నం మా ఎదురు గల్లీలో బట్టల వ్యాపారి బసవయ్య ఇంట్లో దొంగతనం జరిగింది. ఇంటిల్లిపాదీ చుట్టాలింటికి పోయి వచ్చేసరికి వాళ్లమ్మ వెండి వడ్డాణం లేదు. సాయంత్రం ఇరానీ హోటల్లో అదే ముచ్చట. ఒకరు కుక్క మొరిగిందంటారు, ఒకరు తలుపు చప్పుడు విన్నామంటారు. నేనొక్కడినే చెప్పడానికి ఏమీ లేక చాయ్ చల్లార్చుకుంటూ కూర్చున్నాను.

నా సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్లుగా గాజులమ్ముతున్నాను. ఆడవాళ్లు నా మాట వింటారు, ఎందుకంటే వాళ్ల చెయ్యి నా చేతిలో ఇరుక్కుని ఉంటుంది. మగవాళ్లు మాత్రం నేను నోరు తెరవగానే లేచి పోతారు. ఆ రోజు ఏ పురుగు కుట్టిందో, "నేను జూసిన" అన్నాను.

హోటల్ మొత్తం నా వైపు తిరిగింది. రామలింగం, ఆ క్షణం ఎంత బాగుందో!

"ఏం జూసినవన్నా?" అన్నాడు కంసాలి కృష్ణయ్య.

"ఒకడు గల్లీలకెళ్లి జల్ది జల్ది పోతుండె."

"ఎట్లుండె?"

"పొడుగ్గుండె."

"ఏం తొడుక్కుండె?"

ఇక్కడ నా బుర్ర ఖాళీ. ఒక్క గుటక చాయ్ తాగేంతసేపు ఏమీ లేదు. అంతలో పిలవకుండానే ఒక వస్తువు నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

"ఎర్ర చారల దుప్పటి కప్పుకుండె" అన్నాను.

అందరూ "అచ్ఛా!" అన్నారు. ఇంకో చాయ్ చెప్పారు. అది నేను తాగాను. నిజానికి ఆ సమయానికి నేను గల్లీలో లేనే లేను. ఎక్కడున్నానన్నది వేరే సంగతి, నీ శాస్త్రానికి అక్కర్లేదు. ఇంత సాఫీగా అబద్ధం ఎట్లా వచ్చిందో మాత్రం చెప్పు.

నీ బావ
వైకుంఠం


మైసూరు
23 మార్చి 1937

బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. నేను ఇక్కడ సౌఖ్యంగా ఉన్నాను. అంతా బాగుంది.

అడిగారు కనుక చెబుతున్నాను. మా ప్రయోగశాలలో ఒక యంత్రం ఉంది. మసి పట్టించిన కాగితాన్ని ఒక డబ్బాకు చుట్టి తిప్పుతారు. మనిషి ఛాతీకి రబ్బరు గొట్టం కట్టి ప్రశ్నలు వేస్తారు. అతని ఊపిరి ఎట్లా ఆడితే అట్లా ఒక సూది ఆ మసి మీద తెల్లగా గీస్తుంది. నిజం చెప్పేవాడి గీత నెమ్మదిగా అలల్లాగా పోతుంది. అబద్ధం చెప్పేవాడి గీత చాలాసార్లు జవాబుకు ముందు ఒక్క లిప్త ఆగి, గెంతుతుంది. అందరిలోనూ అట్లా ఉండదు. ఆరితేరినవాళ్లు యంత్రాన్నీ మోసగిస్తారు.

ఎందుకు ఆగుతుందంటే, అడగగానే ముందు వచ్చేది నిజమే. అది దానంతటదే వస్తుంది. అబద్ధమాడేవాడు ముందు దాన్ని గొంతులోనే పట్టి ఆపాలి, ఇంకొకటి అల్లాలి, వినేవాడి ముఖం చూస్తూ నమ్ముతున్నాడో లేదో కనిపెట్టాలి, తాను అన్నది రేపటికి గుర్తుంచుకోవాలి. పాపం, మెదడుకు అంత పని. మీరు తాగిన ఆ ఒక్క గుటక చాయ్ దానికి పట్టిన సమయమే.

ఇంకొక్క మాట. మెదడు ఏదీ శూన్యంలోంచి నేయలేదు. ఇంట్లో ఉన్న నూలుతోనే నేస్తుంది. ఆ ఎర్ర చారల దుప్పటి మీరు ఎక్కడో చూసే ఉంటారు. ఎక్కడో గుర్తు తెచ్చుకోండి, సరదాగా ఉంటుంది.

అక్కకు నమస్కారాలు. తొక్కు అందింది.

మీ
రామలింగయ్య


పురానాపూల్
4 ఏప్రిల్ 1937

రామలింగం,

సరదాగా గుర్తు తెచ్చుకోమన్నావు. నాకు గుర్తు రాకముందే అది పోలీసులకు దొరికింది.

హోటల్ మాట అమీన్ సాబ్ చెవిన పడింది. అమీన్ అంటే మా ఠాణా అధికారి. ఇద్దరు జవాన్లతో దుకాణానికే వచ్చాడు. అప్పుడు ఒక ముసలమ్మ చేతికి లక్కగాజు ఎక్కిస్తున్నాను. గాజును ఆమె మణికట్టు దగ్గరే వదిలేసి లేచాను. "సేఠ్, నువ్వు చూశావట గదా?" అని ఉర్దూలో అడిగాడు. గల్లీ అంతా గుమిగూడి ఉంది. హోటల్లో నాకు చాయ్ తాగించిన వాళ్లందరూ ముందు వరసలో ఉన్నారు. లేదు అనడానికి నోరు తెరిచాను, "జీ హా" అని వచ్చింది. నా సాక్ష్యం బయాన్‌గా రాసుకున్నారు. కింద దస్తఖత్ చేశాను. నా దస్తఖత్ ఎంత అందంగా ఉంటుందో నీకు తెలుసు, ఆ రోజు ఇంకా అందంగా వచ్చింది.

మరుసటి రోజు దుర్గయ్యను పట్టుకుపోయారు. మూసీ ఒడ్డున కొట్టంలో బర్రెల్ని పెట్టుకుని మా గల్లీకి పాలు పోసే దుర్గయ్యను. పొడుగ్గా ఉంటాడు. ఎర్ర చారల దుప్పటి కప్పుకుంటాడు. దొంగతనం జరిగిన రోజు పొద్దున మా గడప ముందు నిలబడి పాలు పోస్తుంటే, ఆ దుప్పటి కొంగు చెంబులో పడబోతే "జర పైకి తీయి" అన్నది నేనే. నీ నూలు అదీ. నేను దొంగను కల్పించాననుకుని మురిసిపోయాను. కల్పించడం కూడా చేతకాక, ఎదురుగా కనబడ్డవాడిని అప్పు తెచ్చుకున్నాను.

నిన్న అతని భార్య కొమురమ్మ దుకాణానికి వచ్చింది. గాజులు కొనడానికి కాదు. మెట్టు మీద కూర్చుంది.

"సేటూ, మావోన్ని నువ్వు జూసినవా?" అంది.

"మొఖం సాఫ్ కనవడలే. దుప్పటి మాత్రం..." అన్నాను.

"దుప్పట్లు ఊర్ల ఎన్ని లెవ్వు? మొఖం జూసినవా లేదా, గదొక్కటి జెప్పు."

నేను గాజులు సర్దుకుంటూ కూర్చున్నాను. పచ్చవాటిలో ఎర్రవి కలిపేశాను. ఆమె చాలాసేపు నన్ను చూసి లేచిపోయింది.

మే నెలాఖరుకు అదాలత్‌లో నా సాక్ష్యం. దుర్గయ్య తరఫు వకీలు రామచందర్‌రావు మహా గట్టివాడంటున్నారు. సిగ్గు విడిచి అడుగుతున్నాను. వకీలు అడిగినప్పుడు ఆ ఒక్క లిప్త ఆగకుండా జవాబు చెప్పే ఉపాయం మీ ప్రయోగశాలలో ఏమైనా ఉందా?

వైకుంఠం


మైసూరు
12 ఏప్రిల్ 1937

బావగారికి,

ఈసారి నవ్వు రాలేదు.

మీరడిగిన ఉపాయం ఉంది. చాలా తేలిక. ఒకే అబద్ధాన్ని మళ్లీ మళ్లీ చెప్పుకుంటే ఆగడం తగ్గుతుంది. ఆపాల్సిన నిజం అలిసిపోయి పక్కకు తప్పుకుంటుంది. కానీ దయచేసి ఆ పని చేయకండి. ఠాణాకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. అంత కష్టమేముంది? నిజం చెప్పడానికి మెదడుకు ఏ శ్రమా లేదని పోయిన ఉత్తరంలో రాశాను కదా.

మీ
రామలింగయ్య


పురానాపూల్
2 మే 1937

రామలింగం,

చేయవద్దన్న పని చేశాను. ఉపాయం చెప్పి తర్వాత చేయవద్దనే వైద్యుడివి నువ్వొక్కడివే ఉంటావు.

రోజూ దుకాణం తెరవకముందు అద్దం ముందు కూర్చుని వకీలూ నేనే, సాక్షీ నేనే అయి ప్రశ్నలు వేసుకున్నాను. మొదటి వారం తడబడ్డాను. ఒకసారి దుప్పటి ఎడమ భుజం మీద, ఒకసారి కుడి భుజం మీద. రెండో వారానికి కుదురుకుంది. మూడో వారానికి నాటకం వేసేవాళ్లు నన్ను చూస్తే తీసుకుపోయేవారు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నాలుగు రోజుల నుంచీ నాకు అతను కనిపిస్తున్నాడు.

కళ్లు మూసుకుంటే చాలు. బసవయ్య గోడ, దాని పక్కన నీడ, ఎర్ర చారలు. దుర్గయ్య వెనక్కి తిరిగి చూస్తాడు. వెనక్కి తిరిగి చూశాడని నేను ఎవరికీ చెప్పలేదు, అద్దానికి కూడా చెప్పలేదు. తనంతట తనే తిరుగుతున్నాడు. నిన్న మీ అక్క, "నిజంగ జూసినవా?" అని అడిగితే, "జూసిన" అన్నాను. నాకు ఏ మాత్రం ఆగినట్టు అనిపించలేదు. అప్పుడు భయమేసింది.

ఆ మధ్యాహ్నం నేను వేరేచోట ఉన్నానని నాకు తెలుసు. కానీ వెళ్లింది మంగళవారమా, అంతకుముందు మంగళవారమా? వెళ్లి వచ్చాక గల్లీలో చూశానేమో? ఎటుచూసినా ఇదే గోల. ఇప్పుడు నిజం చెబుదామన్నా ఏది నిజమో నాకు తేలడం లేదు. దేశంలో ఇంతకంటే పనికిమాలిన అబద్ధాలకోరు ఉంటాడా? ఊరిని నమ్మించబోయి తననే నమ్మించుకున్నాడు.

నీ యంత్రం ఒకసారి రైలెక్కించి పంపరాదూ? నా ఛాతీకి కట్టుకుంటాను. చూశానో లేదో అదే చెప్పాలి.

వైకుంఠం


మైసూరు
10 మే 1937

బావగారికి,

యంత్రం మీకు పనికిరాదు. అబద్ధమని తెలిసి చెప్పేవాడి ఊపిరే అది పట్టుకుంటుంది. నమ్మి చెప్పేవాడి గీత అలల్లాగే సాగిపోతుంది.

నాకు ఎట్లా తెలుసంటే, అక్కకు చెప్పకుండా రెండేళ్లుగా దాచిన సంగతి మీకు చెప్పాలి. నేను ఎమ్మే చదవడం లేదు. మొదటి ఏడే తప్పాను. ఇంటికి రాయడానికి చేతులు రాక, ప్రొఫెసరు గారి కాళ్లా వేళ్లా పడి అక్కడే పనికి కుదిరాను. కిరసనాయిలు దీపం మీద కాగితానికి మసి పట్టించడం, డబ్బాకు చుట్టడం, సూదులు తుడవడం నా పని. విద్యార్థులకు మనిషి దొరకనప్పుడు గొట్టం నాకే కడతారు. ప్రొఫెసరు గారి పక్కన నిలబడతానని రాశాను. అది నిజమే. దీపం పట్టుకుని నిలబడతాను. మీకు రాసిన శాస్త్రమంతా మసి తుడుస్తూ చెవిన పడ్డది.

మొదట్లో "చదువు బాగా సాగుతోంది" అని రాసేటప్పుడు కలం ఆగిపోయేది. ఒక ఉత్తరానికి మూడు కాగితాలు చింపేవాణ్ణి. తర్వాత రెండు, తర్వాత ఒకటి. పోయిన నెల ఎవరో పెద్దమనిషి ప్రయోగశాల చూడటానికి వస్తే, "మేము ఇక్కడ అబద్ధం మీద పరిశోధన చేస్తున్నాం" అన్నాను. చేతి నిండా మసి. అయినా ఆ క్షణంలో నేను పరిశోధకుడినే. మీ ఉత్తరం చదివాక ఆ సంగతి తలచుకుని మొహం కడుక్కున్నాను. నిజం చెప్పడానికి మెదడుకు శ్రమ లేదని మీకు పాఠం చెప్పింది నేనే. శ్రమ మెదడుకు కాదేమో, ముఖానికేమో.

ఇక మీ ప్రశ్న. ప్రొఫెసరు గారు విద్యార్థులకు చెబుతుండగా విన్నది ఒకటుంది. నూటికి నూరుపాళ్లూ నమ్మదగ్గ పరీక్ష కాదని ఆయనే అంటారు. చూసిన సంగతికి పనికిరాని చెత్త చాలా అంటుకుని ఉంటుంది. వాసన, ఈగ, ఎవరో దగ్గడం. ఎవరూ అడగరు కనుక కల్పించిన దానిలో అవి ఉండవు. అడిగిన ప్రశ్నలకు జవాబులే ఉంటాయి. ఇంకొకటి, చివరి నుంచి మొదటికి చెప్పి చూడండి. వరసగా వల్లె వేసింది వెనక్కి నడవలేదు.

గల్లీ కథను ఒకసారి, మీరు వెళ్లిన చోటి కథను ఒకసారి వెనక్కి చెప్పుకోండి. ఆ చోటేమిటో నాకు చెప్పనక్కర్లేదు.

మసి మనిషి
రామలింగయ్య


పురానాపూల్
29 మే 1937

రామలింగం,

ఆ చోటు బార్కస్, ఊరి చివర అరబ్బుల బస్తీ. ఇప్పుడది ఊరందరికీ తెలుసు, నీకు దాచి ఏం లాభం?

నీ ఉత్తరం రాగానే దుకాణం మూసి కూర్చున్నాను. ముందు గల్లీ కథ. దుర్గయ్య మలుపు తిరిగాడు. దానికి ముందు? వెనక్కి చూశాడు. దానికి ముందు? గోడ పక్కన ఉన్నాడు. దానికి ముందు అతను లేడు, నేనూ లేను. నేను ఎక్కడ నిలబడి చూస్తున్నానో కూడా లేదు. కాళ్ల కింద నేల లేదు. అంతటితో సరి.

తర్వాత బార్కస్. టాంగా దిగాను. దానికి ముందు, తల తుడుచుకున్న గుడ్డకు మేక వాసన. దానికి ముందు ఆ మేక నా కండువా కొస నమిలేసింది. దానికి ముందు ముసలి అరబు మంగలి కహ్వా తాగుతూ, నా నెత్తిన రంగు ఆరేదాకా కదలవద్దని కసిరాడు. ఎడమ చెవిలోకి ఒక చుక్క జారి దురద పెడితే గోక్కోనివ్వలేదు. గోడకు ఆగిపోయిన గడియారం. పక్క గదిలో ఎవరో పిల్లకు లెక్కలు చెబుతున్నారు, ఆ పిల్ల తప్పులు చెబుతోంది. ఒకటి లాగితే పది వచ్చాయి. ఏడుపొచ్చింది. ఇంటికొచ్చేసరికి బసవయ్య ఇంటి ముందు ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. అంటే అదే రోజు.

అవును, నెత్తికి రంగు. నలభై ఒకటో ఏట జుట్టు తెల్లబడిందని, ఎవరూ చూడకూడదని అంత దూరం పోయి వేయించుకుంటున్నాను. మీ అక్కకు సరుకు కోసం పోతున్నానని చెప్పేవాడిని. ఒక మనిషి రెండు నెలలు కటకటాల వెనక ఉన్నది నా జుట్టు కోసం. రాసి చూసుకుంటే ఎంత చిన్న వాక్యమో.

బుధవారం అదాలత్. నాజిమ్ సాహెబ్, అంటే జడ్జి, పైన కూర్చున్నాడు. దుర్గయ్య బోనులో. గల్లీ అంతా వచ్చింది. వకీలు లేచి నోరు తెరవకముందే నేను అన్నాను:

"హుజూర్, నేను జూడలే."

"మరి బయాన్ ఎందుకిచ్చినవ్?" అన్నాడు నాజిమ్ సాహెబ్.

"హోటల్ల అందరు నా దిక్కు జూసిండ్రు హుజూర్. మంచిగనిపిచ్చింది."

"ఆ టైముల నువ్వెక్కడున్నవ్?"

ఇక్కడ మాత్రం ఆగాను. నీ సూది ఉంటే కాగితం చిరిగిపోయేది.

"బార్కస్‌ల. నెత్తికి రంగేయించుకుంటున్న."

నాజిమ్ సాహెబ్ టోపీ తీయమన్నాడు. తీశాను. రెండు నెలలుగా భయంతో బార్కస్ వైపు పోలేదు. మొదళ్లు తెల్లగా, కొసలు నల్లగా ఉన్న ఆ తలను చూసి అదాలత్ అంతా విరగబడి నవ్వింది. కృష్ణయ్య బెంచీ మీద నుంచి పడబోయాడు. మేక నమిలిన కండువా కూడా చూపించాను. దుర్గయ్య ఒక్కడే నవ్వలేదు.

అతన్ని వదిలేశారు. నన్ను అదాలత్ లేచేదాకా మూలన నిలబెట్టారు. నా మీద కేసు పెట్టేది లేనిదీ తర్వాత చెబుతారట. పెడితే నిజమే చెబుతాను, నటించే ఓపిక లేదు. వడ్డాణం ఇంకా దొరకలేదు.

నీ సంగతి మీ అక్కకు చదివి వినిపించాను. నాకు ఆ హక్కు లేదేమో. కింద ఆమె రాత.

వైకుంఠం

తమ్మీ, నువ్వు తప్పిన సంగతి నాకు నిరుడే తెలుసు. చదివేటప్పుడు ప్రతి ఉత్తరంలో హాస్టల్ చారును తిట్టేవాడివి, దోమల్ని తిట్టేవాడివి. తర్వాత ఒక్క తిట్టూ లేదు, అంతా సౌఖ్యమే. సౌఖ్యంగా ఉన్నవాళ్లు అట్లా రాయరు. నువ్వు చెప్పేదాకా అడగొద్దని ఊరుకున్నా. గల్లీలో ఎమ్మే అని చెప్పుకున్నది తెలిసే. నేనూ మీలాంటిదాన్నే. మీ బావ జుట్టు సంగతీ తెలుసు. దిండు గలీబులు ఉతికేది నేనే గదా. అన్నం సరిగ్గా తింటున్నావా? నిజం రాయి. అక్క, విమల.


పురానాపూల్
17 జూన్ 1937

రామలింగం,

నీ కార్డు అందింది. నెలాఖరుకు వచ్చేస్తున్నావని మీ అక్క మేడ మీది గది ఊడ్చి పెట్టింది. కార్డు నిండా హోటల్ సాంబారును తిట్టావు. ఆమెకు చాలా సంతోషమైంది.

నేను ఇప్పుడు గల్లీలో రంగు సేటును. పిల్లలు కూడా అదే పేరు పిలుస్తున్నారు. గాజులు వేయించుకునే ఆడవాళ్లు ముందు నా తల చూసి తర్వాత చెయ్యి ఇస్తున్నారు. ఇది నాకు తగిందే. కానీ రాయాలనుకున్నది ఇది కాదు.

దుర్గయ్య దగ్గరికి పోవడానికి నాకు పది రోజులు పట్టింది. రోజూ బయలుదేరి, రోజూ ఏదో పని గుర్తుచేసుకుని వెనక్కి వచ్చాను. చివరికి ఒక పొద్దున మూసీ ఒడ్డుకు పోయాను. అతను బర్రెను కడుగుతున్నాడు. అతను లేని రోజుల్లో ఇంకో బర్రె వట్టిపోయిందట. సగం ఇళ్లు పాలు మానేశాయి. నేను రావడం చూసి కొమురమ్మ గడ్డిమోపు పడేసి లోపలికి పోయింది.

"తప్పయింది దుర్గయ్యా" అన్నాను. కొట్టినా పడదామనే పోయాను.

అతను బర్రె వీపు మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు. చెంబు కింద పెట్టి నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. ఏదో వెతుక్కుంటున్న మనిషి ముఖం.

"సేటూ, ఒక మాట అడుగుత. నిజం జెప్తవా?"

"జెప్త."

"లోపల దినాం అడిగిండ్రు. ఎర్ర దుప్పటి కప్పుకొని పోయినవా లేదా అని. పోలే అన్న. మల్ల అడిగిండ్రు. మల్ల పోలే అన్న. గట్ల అడుగంగ అడుగంగ, నాకే ఆ గల్లి కండ్లల్ల కనవడవట్టింది. దర్వాజ తీసినట్టు, వడ్డాణం చేతుల వట్టుకున్నట్టు. అది సల్లగ గూడ తగిలింది సేటూ. నేను దొంగనేమో అనుకున్న. ఇడిసిపెట్టి వచ్చినంక గూడ వోతలేదు. దీనికి జెప్తె ఏడుస్తది."

గుడిసె వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు జూసినవన్నవు, మల్ల జూడలే అన్నవు. ఇప్పుడెవ్వరు లేరు ఈడ. నిజం జెప్పు. నేను పోలే గదా?"

రామలింగం, నేను అతని తడిచెయ్యి పట్టుకున్నాను.

"పోలే దుర్గయ్యా. నువ్వు పోలే."

"ఇంకోపారి జెప్పు."

"నువ్వు పోలే. నేను జూడలే. నువ్వు పొద్దున పాలు వోసి ఇంటికి వోయినవ్."

అతను తల ఊపి చెంబు తీసుకుని మళ్లీ బర్రెను కడగడం మొదలుపెట్టాడు. నేను గట్టు మెట్లెక్కుతుంటే వెనక నుంచి పిలిచి, రేపు పొద్దున కూడా రమ్మన్నాడు.

నీ బావ
వైకుంఠం